తేడా సున్నా

నేను ఒక నోటీసు బోర్డును. టేకు చట్రం, లోపల ఆకుపచ్చ గుడ్డ, ముందు అద్దం తలుపు, దానికో చిన్న తాళం. ప్రస్తుతం ఒక రొయ్యల కంపెనీ వెనక గేటు పక్కన, తుప్పు పట్టిన ట్రేలకూ విరిగిన ప్లాస్టిక్ డబ్బాలకూ మధ్య, గోడకు చేరబడి ఉన్నాను. అద్దం ఒక మూల చీలింది గానీ ఇంకా ఊడిపోలేదు. దాని వెనక ఒక కాగితం ఉంది. తాళంచెవి ఎక్కడో పోయింది కాబట్టి ఆ కాగితాన్ని ఎవరూ తీయలేదు, తీయాల్సిన అవసరమూ ఎవరికీ తోచలేదు. ఆ కాగితం సంగతి చెప్పడానికే నోరు విప్పాను. కానీ వయసు మీద పడింది కదా, తిన్నగా అసలు మాటకు రాలేను. కాస్త ఓపిక పట్టండి.

నాకు చదువు ఎలా వచ్చిందని అడక్కండి. ఏళ్ల తరబడి ఒంటి మీద కాగితాలు గుచ్చించుకుంటూ ఉంటే ఎవరికైనా నాలుగు అక్షరాలు అబ్బుతాయి. నా ముందు నిలబడి కూడా చదవకుండా వెళ్లిపోయే విద్య మనుషులకే తెలుసు.

పుట్టింది రాజమండ్రిలో, గోదావరి గట్టుకు దగ్గర్లో, వీరభద్రాచారి అనే వడ్రంగి కొట్లో. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి, ఇంటి ముందు వసారా. ఎవరింటి పాత ద్వారబంధమో విప్పి తెచ్చిన టేకుతో ఆయన నా చట్రం కోశాడు, మూలలు అతికాడు. మంచి పనివాడు, అందులో సందేహం లేదు. అయితే నన్ను గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసింది ఆయన భార్య కామాక్షమ్మ. ఆకుపచ్చ గుడ్డను ఒక్క ముడత లేకుండా లాగి జిగురు పెట్టి అంటించిందీ, వార్నీషు పూసిందీ ఆవిడే. పొగాకు కంపెనీ గుమాస్తా నన్ను తీసుకుపోవడానికి వచ్చి, "దీనికి ఎంతమంది పనిచేశారు ఆచారిగారూ?" అని అడిగాడు. "నేనొక్కణ్ణేనండి" అన్నాడు ఆయన. తాను అబద్ధం చెబుతున్నానని ఆయనకు తట్టనే లేదు. గుమాస్తాకు మజ్జిగ గ్లాసు అందిస్తూ కామాక్షమ్మ కూడా నవ్వి ఊరుకుంది. ఆమె వేలి కొసలకు వార్నీషు మరక ఇంకా పోలేదు.

ఎవరు ఎంత పని చేశారన్న దాని మీద నేను విన్న మొదటి నివేదిక అది. తర్వాత చాలా విన్నాను, చాలా మోశాను. ఏదీ దీనికంటే పెద్దగా మెరుగు కాదు.

పొగాకు కంపెనీలో నన్ను ఆఫీసు వసారాలో తగిలించారు. ఎదురుగా గోదాములు. ఆడవాళ్లు నేల మీద కూర్చుని ఆకు రంగు చూసి, తడిమి, రకాలుగా విడదీసేవారు. మగవాళ్లు బేళ్లు కట్టి మోసేవారు. నా మీద మొదట గుచ్చిన కూలి రేట్ల కాగితం నాకిప్పటికీ గుర్తే. పైన ‘మగ కూలీలు’, కింద ‘ఆడ కూలీలు’. పై అంకెకూ కింది అంకెకూ ఉన్న తేడాను దాచాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ రాలేదు. వానాకాలంలో వాన పడినంత మామూలుగా ఉండేది ఆ వ్యవహారం.

తర్వాత చట్టం వచ్చింది. ఒకే పనికి ఆడామగా ఒకే కూలి ఇవ్వాలన్నారు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలియగానే ఆఫీసులో ఒకటే హడావుడి. పాత కాగితం పీకేశారు. నేను నిజంగానే సంబరపడ్డాను, అప్పటికి లోకం తెలియదు కదా. మర్నాడు కొత్త కాగితం వచ్చింది. పైన ‘బరువు పని’, కింద ‘తేలిక పని’. అంకెలు మాత్రం అవే. ఇన్‌స్పెక్టరు దాన్ని ఆ మూల నుంచి ఈ మూలదాకా చదివాడు. ఆడ అన్న మాట గానీ మగ అన్న మాట గానీ ఎక్కడా కనిపించలేదు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. పొగాకు ధూళికి దగ్గుతూ, నడుం పట్టేసేదాకా నేల మీద కూర్చుని చేసే పని తేలికదని నాకు ఆ రోజే తెలిసింది. గోదాముల్లోని ఆడవాళ్లకూ అప్పుడే తెలిసి ఉంటుంది.

కొన్నాళ్లకు ఆ కంపెనీ మూతపడింది. నేను పాత సామాన్ల కొట్లో మంచం కోళ్ల పక్కన చాలా ఏళ్లు పడి ఉన్నాను. ఆ రోజుల గురించి చెప్పేదేమీ లేదు. ఎవరూ నా మీద ఏ అబద్ధమూ గుచ్చలేదు కాబట్టి, ఒక రకంగా అవే నా మంచి రోజులు. చివరికి భీమవరం అవతల చెరువుల మధ్య కొత్తగా కట్టిన రొయ్యల కంపెనీ వాళ్లు నన్ను చవగ్గా కొని వ్యానెక్కించారు.

అక్కడ నాకు దొరికిన చోటు ఒక నడవ. ఒక పక్క ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది, ఇంకో పక్క రొయ్యలు ఒలిచే హాలు. లోపలికి వెళ్లేవాళ్లు గాజులు తీసేయాలి, పూలు తీసేయాలి, బొట్టు కూడా తీసేయాలి. రొయ్యల్లో చిన్న పూసంత పడినా సరుకు మొత్తం తిప్పి పంపేస్తారట. తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్లకు రబ్బరు బూట్లు. ఆడవాళ్ల గదిలో అద్దం ఒకటి ఉండేది, పగిలిపోయింది. కొత్తది వేయించండని అడిగితే మేనేజరు గారు, "బొట్టే లేనప్పుడు అద్దమెందుకమ్మా?" అని నవ్వారు. మగవాళ్ల గదిలో అద్దం మాత్రం ఉంది. వాళ్లకు మీసాలుంటాయి కదా.

దాంతో వాళ్లంతా నా ముందు నిలబడటం మొదలుపెట్టారు. నా అద్దంలో చూసుకుంటూ టోపీలోకి జుట్టు దోపుకునేవారు. నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి నా చట్రానికి అంటించేవారు. సాయంత్రం పని దిగాక మళ్లీ తీసి పెట్టుకునేవారు. ఎవరి చోటు వారిదే. ఒకరి చోట ఇంకొకరు అంటిస్తే చిన్న సైజు యుద్ధం జరిగేది. పగలంతా ఎరుపు, మెరూను, నలుపు చుక్కలతో నేను పెళ్లికూతురిలా ఉండేదాన్ని. లోపల ఉన్న కాగితాలు ఎవరూ చదివేవారు కాదనుకోండి, అది వేరే సంగతి.

తాళం పక్కన, అన్నిటికంటే పైన ఉండే పెద్ద మెరూను బొట్టు మరిడమ్మది. మరిడమ్మ నలభై అయిదేళ్ల మనిషి, కంపెనీ తలుపులు తెరిచిన నాటి నుంచీ ఉంది. పీలింగు లైను, అంటే రొయ్యలు ఒలిచే బల్లల వరస, ఒకటి ఆమె చేతి కింద నడిచేది. ఎవరు ఏ బల్ల దగ్గర నిలబడాలో, ఏ ట్రేలో ఐసు తగ్గిందో, ఏ సరుకు వాసన వస్తోందో చూసుకోవడం ఆమె పని. సరుకు బాగాలేదంటే లైను ఆపేయడమూ ఆమె పనే. రెండో లైను చంటిబాబు అనే కుర్రాడు నడిపేవాడు. అతను వచ్చిన కొత్తలో మెత్తబడ్డ రొయ్యకూ గట్టి రొయ్యకూ తేడా తెలియక బిక్కమొహం వేసుకుని తిరుగుతుంటే, పక్కన నిలబెట్టుకుని పని నేర్పింది మరిడమ్మే. అక్కా అని పిలిచేవాడు. మంచివాడే. అయితే ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. లైను నడిపేది మగవాడైతే సూపర్‌వైజరు అంటారు, ఆడదైతే లీడరు అంటారు. పేరు మారితే జీతం మారుతుంది. ‘బరువు పని, తేలిక పని’ అన్న కాగితాన్ని మోసినదాన్ని కాబట్టి, ఆ తెలివితేటలు నాకు వెంటనే బోధపడ్డాయి.

తన జీతం కన్నా చంటిబాబు జీతం ఎంత ఎక్కువో మరిడమ్మకు చాలాకాలం తెలియదు. జీతాల మాట బయట ఎత్తకూడదని కంపెనీ రూలు. రేషను షాపు వరసలో చంటిబాబు భార్య మొగుడి గొప్ప చెప్పుకుంటూ నోరు జారితే తెలిసింది. ఆ మర్నాడు పొద్దున నా అద్దం ముందు మరిడమ్మ మామూలు కన్నా ఎక్కువసేపు నిలబడింది.

డబ్బు ఒక్కటే అయితే ఆమె నోరు మూసుకునే ఉండేదేమో. ఆమె భయమంతా చేతుల గురించి. సూపర్‌వైజరు నీళ్లలో చెయ్యి పెట్టడు. లీడరు మాత్రం, ఎవరు రాకపోతే వాళ్ల చోట నిలబడి ఐసు నీళ్లలో రొయ్యలు ఒలవాలి. రోజూ ఎవరో ఒకరు రారు. ఆమె వేళ్ల కొసలు అప్పటికే తెల్లబడి తిమ్మిరెక్కుతున్నాయి. ఇలాగే ఐసులో ముంచితే అన్నం ముద్ద కలుపుకోవడానికి కూడా పనికిరావని డాక్టరు గట్టిగా చెప్పాడు. సూపర్‌వైజరు అని ఒక్క మాట రాస్తే చేతులు దక్కుతాయి. మరిడమ్మ కోరికల్లా ఆ ఒక్క మాటే. చేసే పనికి దాని పేరు దానికి పెట్టమని అడగడం పెద్ద కోరికేమీ కాదు. నాకైతే అలాగే అనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సముద్రం అవతల మన రొయ్యలు కొనే పెద్ద కంపెనీ ఒకటి కొత్త షరతు పెట్టింది. మీ దగ్గర మగవాళ్లకు సగటున ఎంత ఇస్తున్నారు, ఆడవాళ్లకు ఎంత ఇస్తున్నారు, తేడా ఎంత, ఆ తేడా ఎందుకొచ్చింది, ఎప్పటికల్లా పూడుస్తారు, ఇవన్నీ రాసి పనివాళ్లందరికీ కనపడేలా అంటించండి అంది. ఎక్కడ అంటిస్తారు? నా మీదే. నా జన్మలో నాకంత గౌరవం ఎన్నడూ దక్కలేదు. దుమ్ము దులిపారు, గుడ్డ మార్చారు, తాళానికి నూనె వేశారు.

ఈ పనంతా చూడటానికి సుచరిత అనే అమ్మాయిని పెట్టుకున్నారు. కాకినాడ పిల్ల, పెద్ద చదువు చదివింది, చురుకైనది. పనిచేసే ఆడవాళ్లను గారూ అని పిలిచేది. వాళ్లతో పాటే కూర్చుని క్యారేజీ విప్పుకునేది. మొదటి రోజే మేనేజరు గారితో నా ముందు నిలబడే చెప్పింది.

"సార్, పోస్టు పేరు చూసి లెక్క వేస్తే ఏమీ తేలదు. ఎవరు ఏం పని చేస్తున్నారో చూసి, ఒకే పని చేసేవాళ్లను ఒక చోట పెట్టాలి. వచ్చిన తేడా ఎంతయినా ఉన్నదున్నట్టు రాయాలి. ఎప్పటికి సరిచేస్తామో తేదీ వెయ్యాలి. వచ్చే ఏడు మళ్లీ ఇక్కడే అంటించాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంటే మనం ఏం చేశామో వాళ్లకే తెలుస్తుంది."

"బ్రహ్మాండంగా ఉందమ్మా, అలాగే చేద్దాం" అన్నారు మేనేజరు గారు. ఆయన ఏనాడూ దేనికీ కాదనరు. ఆయనలో నాకు భయం పుట్టించేది అదే.

ఎవరు ఏం పని చేస్తారో విచారించడానికి నా కిందే ఒక బల్ల వేశారు. మేనేజరు గారు మధ్యలో కూర్చున్నారు, సుచరిత పక్కన కాగితాలు పెట్టుకుంది, లైన్ల సంగతి తెలిసినవాడని చంటిబాబును కూడా కూర్చోబెట్టారు. మరిడమ్మను పిలిచారు. తడి చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"మరిడమ్మ గారూ, ఒకటో లైను నడిపేది మీరే కదా?" అని అడిగింది సుచరిత.

మరిడమ్మ చంటిబాబు వైపు చూసింది. మేనేజరు గారి వైపు చూసింది. నవ్వింది.

"నేనేం నడుపుతానండీ. అంతా మా చంటిబాబే సూసుకుంటాడండి. నేనేదో సాయం పడతానంతే."

"సరుకు బాగాలేకపోతే లైను ఆపేది మీరు కాదా?"

"అబ్బే, నాకేం తెలుత్తాదండీ. తమ్ముడు ఎలా సెప్తే అలాగండి."

మీరు ఆ ప్రాంతం వాళ్లయితే మీకు చెప్పక్కర్లేదు. కాకపోతే చెబుతాను, వినండి. అక్కడ ఎవరినైనా నలుగురిలో నిలబెట్టి ఇది నువ్వే చేశావా అని అడిగితే, అవునని చెప్పరు. నూరుమందికి వండి వార్చిన ఇల్లాలు కూడా, ఏదో నాలుగు మెతుకులు ఉడకేశానండి అంటుంది. అప్పుడు పక్కనున్నవాళ్లు, అదేం మాటండీ, అంతా మీ చేతి చలవే అని గట్టిగా అనాలి. అప్పుడావిడ మెల్లగా నవ్వి ఒప్పుకుంటుంది. పొగుడుకోవడం తన వంతు కాదు, పక్కవాళ్ల వంతు. అది మర్యాద. మరిడమ్మ తన వంతు తాను చేసింది. ఇక చంటిబాబు వంతు.

చంటిబాబు నోరు తెరిచాడు. మేనేజరు గారు అతని వైపు చూశారు, కోపంగా కాదు, మామూలుగానే. చంటిబాబు నోరు మూసుకుని బూట్ల వైపు చూసుకున్నాడు.

"విన్నావు కదమ్మా, ఆవిడ చెప్పినట్టే రాసుకో" అన్నారు మేనేజరు గారు సుచరితతో. ఆయనదీ ఆ జిల్లానే. ఆ మర్యాద ఆయనకు మరిడమ్మ కన్నా బాగా తెలుసు. తెలిసే రాయించారు. గోడ నుంచి ఊడి ఆయన నెత్తిన పడాలన్నంత కోపం నాకు ఆ పూట వచ్చింది. మేకులు గట్టివి.

అందరూ లేచాక సుచరిత నడవలో మరిడమ్మను ఆపింది. "ఎందుకలా చెప్పారండీ? పనంతా మీరే చేస్తారని నాకు తెలుసు."

"మరి ఆడి ముందర నేనే సేత్తానని ఎలా సెప్పమంటారండీ? నలుగుర్లోనూ సిన్నబోడూ? ఆడే అంటాడనుకున్నానండి" అంది మరిడమ్మ. ఆ ముఖంలో తప్పు చేసినదాని బెదురు కనిపించింది. "ఇప్పుడు మార్సి రాయకూడదాండీ?"

రాయవచ్చని సుచరిత అనుకుంది. అనుకుని, కొన్నాళ్లు తలుపు మూసుకుని కష్టపడి, తాను కళ్లారా చూసిందే రాసింది. ఒకరోజు పొద్దున అందరికంటే ముందు వచ్చి, తాళం తీసి, తన చేత్తోనే నా గుండెల మీద గుచ్చింది. ఈ కంపెనీలో మగవాళ్లకు సగటున వంద రూపాయలు వస్తుంటే ఆడవాళ్లకు అరవై ఎనిమిది వస్తున్నాయి. లైన్ లీడర్లూ సూపర్‌వైజర్లూ చేసేది ఒకే పని. ఆ రెండు పేర్లూ కలిపి ఒకటే పేరు పెట్టి, ఉగాదిలోగా ఒకటే జీతం ఇవ్వాలి. ఎవరి జీతం ఎంతో అడిగినందుకు ఎవరినీ ఏమీ అనకూడదు. అంతే ఉంది అందులో. అంత శుభ్రమైన కాగితాన్ని నేను అంతకుముందు మోయలేదు.

బొట్లు అంటించడానికి వచ్చిన ఆడవాళ్లు ఆగిపోయారు. లోవలక్ష్మి అనే పిల్ల ఇంటరు దాకా చదివింది, కిందటేడే పనిలో చేరింది. అది గట్టిగా చదివి వినిపించింది. 

"అయితే నూటికి ముప్పై రెండు ఎవురు తిన్నారే?" అంది ఒక పెద్దావిడ. అందరూ ఘొల్లున నవ్వారు.

మరిడమ్మ నవ్వలేదు. "లీడర్ల గురించి రాసింది మళ్లీ ఓపాలి సదవ్వే" అంది. లోవలక్ష్మి మళ్లీ చదివింది. ఆ వాక్యం ఎక్కడుందో చూపించమని, అద్దం మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా నడిపింది. ఆ వేలు ఐసుముక్కలా ఉంది. అద్దం ఇవతల నుంచే నాకు తగిలింది.

భోజనాల గంటకు ముందే మేనేజరు గారు తాళంచెవితో వచ్చారు. చించలేదు, నలపలేదు. పిన్నులు ఒక్కొక్కటే తీసి, కాగితాన్ని మడిచి, జేబులో పెట్టుకున్నారు. వెనకే పరుగెత్తుకొచ్చిన సుచరితతో, "తొందరపడ్డావమ్మా" అన్నారు ప్రేమగా. "తేడా ఉందని చెప్పుకుంటే ఎవరైనా మెచ్చుకుంటారా? ముందు తేడా తీసేద్దాం, తర్వాత అంటిద్దాం. నేను కాదనడం లేదు కదా."

తేడా తీసేశారు. ఎలాగో చెబుతాను. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, చేసినవాళ్లకు ఉన్నట్టు కనిపించలేదు.

పీలింగు పనిని కాంట్రాక్టుకు ఇస్తున్నామని ఒక చిన్న కాగితం నా మీద గుచ్చారు. నిర్వహణ సౌలభ్యం కోసమట. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లెవరూ ఇక కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు. పని అదే, బల్లలు అవే, ఐసు అదే. గుర్తింపు కార్డు మాత్రం మారుతుంది. కాంట్రాక్టు ఎవరి పేరు మీద పెట్టారనుకున్నారు? చంటిబాబు పేరు మీద. లీడరు అన్న పోస్టే ఎత్తేశారు. లైన్లు రెండూ కాంట్రాక్టరే చూసుకుంటాడు. మరిడమ్మ బల్ల దగ్గర నిలబడాలి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

ఆ పొద్దున చంటిబాబు నడవలో మరిడమ్మ కోసం కాచుకుని ఉన్నాడు.

"నన్ను సంతకం ఎట్టమన్నారక్కా. కాదంటే ఇంకోణ్ణి సూసుకుంటామన్నారు."

"ఎట్టేవా మరి?"

"ఎట్టేను."

మరిడమ్మ బొట్టు తీసి తాళం పక్కన అంటించింది. టోపీ సర్దుకుంది.

"ఆ రోజు నేను సెప్పాల్సిందక్కా" అన్నాడు చంటిబాబు.

"ఇప్పుడు నాకు సెప్పి ఏం లాభంరా" అంది. కేకలేస్తుందేమో, తిడుతుందేమో అని నేను ఎదురుచూశాను. తిడితే బాగుండేది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "రెండో లైను కింద నీళ్లు నిలబడిపోతన్నాయి, జాగర్తగా నడు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆడవాళ్లను ఆ నడవలోంచి రానివ్వలేదు. కాంట్రాక్టు మనుషులకు వెనక గేటట. అలాగే అటు నుంచి అటే పంపేశారు. పొద్దున నా చట్రానికి అంటించిన బొట్లు అన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. తుడిచేవాడు వచ్చి గోటితో చాలావరకు గీకేశాడు. తాళం పక్కది వాడి గోటికి ఊడి రాలేదు.

ఒలిచేవాళ్లంతా కాంట్రాక్టుకు వెళ్లిపోయాక కంపెనీ ఆడవాళ్లలో మిగిలింది ఆఫీసు లెక్కలు చూసే ఇద్దరు, లాబొరేటరీలో ఒకామె, సుచరిత. అందరివీ చదువుకున్న ఉద్యోగాలు. వాళ్ల సగటు మగవాళ్ల సగటుకు కొద్దిలో తగ్గింది. ఆ కొద్దీ పూడ్చడానికి సుచరిత జీతం పెంచారు. ఆమె జీతం పెరగడంతో లెక్క సరిపోయింది.

కొత్త కాగితాన్ని గుచ్చింది కూడా సుచరితే. పెద్ద అక్షరాలు, రంగు అంచు. ‘స్త్రీ పురుష వేతన వ్యత్యాసం: సున్నా.’ పిన్నును రెండుసార్లు కింద పడేసుకుంది. తలుపు మూసి తాళం వేసి, అద్దంలో తన ముఖం చూసుకుని వెంటనే పక్కకు తిప్పేసుకుంది. ఆ పిల్ల ఉద్యోగం మానేస్తుందని నేను అనుకున్నాను. మానలేదు. ఎందుకు మానలేదని అడగడానికి నేనెవరిని? నెలాఖరు ఎవరికైనా నెలాఖరే. మధ్యాహ్నం క్యారేజీ ఒక్కతే తినేది. నా ముందు నుంచి వెళ్లేటప్పుడు నడక తొందర చేసేది. ఆమె మీద నాకు కోపం లేదు. నాకున్నది కోపం కూడా కాదు. తేడాను తగ్గించడం కన్నా ఆడవాళ్లను తగ్గించడం సులువని తెలిశాక, కోపానికి కూడా ఓపిక ఉండదు.

కొనేవాళ్ల తాలూకు మనుషులు వచ్చారు. నా పక్కన నిలబడి ఫొటోలు దిగారు. "మా కంపెనీలో ఆడామగా తేడా లేదండి" అన్నారు మేనేజరు గారు. దండలు, మిఠాయిలు, మెరిసే ఒక జ్ఞాపిక. హాలు చూపించండని వాళ్లలో ఒకావిడ అడిగింది. అద్దాల కిటికీలోంచి చూపించారు. టోపీలు, మూతి గుడ్డలు, వంగిన తలలు. "వీళ్లు?" అని అడిగింది ఆవిడ. "వాళ్లు బయటివాళ్లండి" అన్నారు మేనేజరు గారు. నిజమే చెప్పారు. అంతా నిజమే. ఆ కాగితంలో ఒక్క అంకె కూడా తప్పు కాదు. పొగాకు కంపెనీ వాళ్లు తేడాను బాహాటంగా రాసి అంటించినప్పుడు నేను అమాయకంగా బాధపడ్డాను. ఈ సున్నాను మోసిన తర్వాత ఆ పాత కాగితం ఎంత నిజాయితీగలదో అర్థమైంది.

కొన్నాళ్లకు నడవలో టీవీ పెట్టారు. దాని మీద రంగురంగుల బొమ్మలు తిరుగుతాయి, తాళం అక్కర్లేదు. నన్ను మోసుకొచ్చి ఈ వెనక గేటు పక్కన పడేశారు. కాగితం లోపలే ఉండిపోయింది. విదిలించుకుందామంటే చేతులు లేవు. నా లోపల పెట్టి తాళం వేసిన దాన్ని నేను మోయాల్సిందే.

ఇవాళ పొద్దున రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు నన్ను చూశారు. ఇక్కడ వాళ్లకు గది కూడా లేదు, రేకు చాటున నిలబడి టోపీలు పెట్టుకుంటారు. "పిన్నీ, ఇది మన బోర్డే!" అంటూ లోవలక్ష్మి పరుగెత్తుకొచ్చి నా అద్దం తుడిచింది. ఒక్కొక్కరూ వచ్చారు. మళ్లీ జుట్లు దోపుకున్నారు, మళ్లీ బొట్లు అంటించారు, చోటు కోసం మళ్లీ తగువులాడుకున్నారు.

మరిడమ్మ అందరికంటే చివర వచ్చింది. నుదుటి మీది బొట్టు తీయబోయింది. వేళ్లు దాని మీద జారిపోతున్నాయి. మళ్లీ ప్రయత్నించింది. బొట్టు ఎక్కడుందో ఆ వేళ్లకు తెలియడం లేదు. లోవలక్ష్మి దగ్గరికొచ్చి, గోటితో అంచు లేపి తీసింది. నేను ఇన్నాళ్లూ ఏ చేతుల కోసం భయపడ్డానో ఆ చేతులు చీర కొంగులో ముడుచుకుపోయాయి.

"నీ పాత బొట్టు ఇంకా ఇక్కడే ఉంది పిన్నీ, సూడు" అంది లోవలక్ష్మి.

మరిడమ్మ చూసింది. దాని కిందుగా అద్దం వెనక కాగితం కనబడింది. "ఏం రాసేరే అందులో? ఆ సుచరితమ్మ గారు రాసిందేనా?"

"కాదు పిన్నీ. ఆడోళ్లకీ మగోళ్లకీ జీతాల్లో తేడా లేదంట. సున్నా అంట."

"ఎక్కడ?"

"మన కంపెనీలోనే."

మరిడమ్మ ఆ పెద్ద సున్నా వైపు చాలాసేపు చూసింది. చీలిన అద్దంలో టోపీ పెట్టుకున్న ఆమె ముఖం, బొట్టు లేని నుదురు కనబడుతున్నాయి.

"మరైతే మనం ఎవురమే?" అని అడిగింది.

ఎగతాళికి కాదు, కోపానికీ కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.  లోపల గంట మోగింది. ఆలస్యమైతే పూట కూలి పోతుంది. పిల్ల గబగబా మరిడమ్మ బొట్టును తాళం పక్కన, ఆ పాతదాని మీదే అంటించి, ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది.

బొట్లన్నీ నా దగ్గరున్నాయి. సాయంత్రం వాళ్లు వచ్చేదాకా చూసుకుంటాను. అంతకంటే నేను చేయగలిగిందేమీ లేదు.